45 ఏళ్లకి ఆటిజం అంటున్నారు, నిజమేనా? ఇప్పుడు తెలిసి ఉపయోగం ఏంటి?

మీ ప్రశ్న ముందు క్లుప్తంగా మళ్లీ చెప్తాను, చదివే మిగతావాళ్లకి కూడా అర్థమవ్వాలి కదా. మీకు 45 ఏళ్లు, నరసన్నపేట వైపు ఒక బ్యాంకులో క్లర్కు, 12 ఏళ్లుగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. ఈమధ్య విశాఖలో కొత్తగా చూపించుకున్న డాక్టరు గారు చాలాసేపు మాట్లాడి, మీకు ఆటిజం ఉండొచ్చు, అసెస్‌మెంట్ చేయించుకోండి అన్నారు. మీవారేమో "అది చిన్నపిల్లలకొచ్చేది, నీకెలా వస్తుంది, డబ్బులు లాగడానికి చెప్తారు" అన్నారు. ఇది నిజమేనా, ఈ వయసులో తెలిసి ఏం లాభం, ఇంట్లో ఆఫీసులో చెప్పాలా, వైకల్యం సర్టిఫికెట్ తీసుకోవాలా, ఇంటర్ చదువుతున్న మీ పాపకి కూడా ఉంటుందా అని అడిగారు. ఒక్కోసారి అన్నీ వదిలేసి వెళ్లిపోవాలనిపిస్తోంది అని కూడా చివర్లో రాశారు, దాని గురించి కూడా చెప్తాను.

సూటిగా చెప్పాలంటే, అవును, 45 ఏళ్లకి తెలియడం నిజంగా జరుగుతుంది. ఆటిజం అంటే మెదడు పనిచేసే తీరే వేరుగా ఉండి, మనుషులతో కలవడం, మార్పుల్ని, చప్పుళ్లని తట్టుకోవడం కష్టమవ్వడం. కానీ అది 45 ఏళ్లకి రాదు, ఉంటే చిన్నప్పటి నుంచీ ఉండాలి. అందుకే మీ అమ్మగారు ఉంటే, ఏ టెస్టు స్కోరు కంటే ముందు ఆవిడ జ్ఞాపకాలు కావాలి. ఉపయోగం ఉందా అంటే ఉంది, చాలా ఉంది, మందు వల్ల కాదు, మీ రోజుని మీకు తగ్గట్టు మార్చుకోవడం వల్ల.

నేను విజయనగరంలో క్లినికల్ సైకాలజిస్టుని. మొదట్లో పిల్లల్నే చూసేదాన్ని. ఆ పిల్లల్ని తీసుకొచ్చిన నాన్నలు, మేనత్తలు, ఒక్కోసారి తాతలు కూడా, "మేడమ్, వీడి గురించి మీరు చెప్పినవన్నీ చిన్నప్పుడు నాకూ ఉండేవి" అనడం మొదలుపెట్టారు, అలా పెద్దవాళ్లని చూడటం అలవాటైంది. కింద చెప్పిన మనుషుల వివరాలు కొన్ని మార్చాను, ఎవరూ గుర్తుపట్టకూడదని.

ముందు మీవారి సందేహం. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, మనదగ్గర అందరూ అలాగే అనుకుంటారు, డాక్టర్లలో కూడా కొందరు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఇది వైద్యంలోకి వచ్చింది. మరుసటి ఏడాదే, 1944లో ఆస్ట్రియాలో హాన్స్ ఆస్పెర్గర్ బాగా మాట్లాడగలిగే, చదువులో చురుగ్గా ఉండే పిల్లల గురించి జర్మన్‌లో రాస్తే ఇంగ్లీషు చదివేవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు, 1981లో బ్రిటన్ సైకియాట్రిస్టు లోర్నా వింగ్ రాశాకే దాని మీద దృష్టి పడింది. అమెరికా సైకియాట్రిస్టులు నిర్ధారణకి వాడే పుస్తకంలోకి ఆ రకం 1994లో ఎక్కింది. అప్పటికి మీరు హైస్కూల్లో ఉండుంటారు. మాటలు వచ్చి, మార్కులు వచ్చే ఆడపిల్లని చూసి ఆటిజం అనే డాక్టరు ఆ రోజుల్లో మన శ్రీకాకుళం జిల్లాలో ఎక్కడ దొరుకుతారు చెప్పండి. 2013లో వచ్చిన అదే పుస్తకం కొత్త కూర్పు, డీఎస్ఎం-5, ఇంకో ముఖ్యమైన మాట చేర్చింది: లక్షణాలు చిన్నప్పుడే ఉండాలి, కానీ బతుకు అడిగేది మనిషి శక్తిని మించేదాకా అవి పూర్తిగా బయటపడకపోవచ్చు, నేర్చుకున్న పద్ధతుల చాటున దాగి ఉండొచ్చు. శబ్దాలు, వెలుతురు, బట్టల స్పర్శ తట్టుకోలేకపోవడం కూడా అప్పుడే లక్షణాల్లో చేరింది. మీవారికి ఈ రెండు ముక్కలూ చదివి వినిపించండి.

మన ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. తల వంచుకుని, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడకుండా, అడిగితేగానీ మాట్లాడని పిల్లని మన ఊళ్లల్లో ఎవరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, "ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకుంటారు. అదే పిల్ల పెళ్లయి అత్తారింటికి వెళ్లాక చుట్టాలొచ్చినప్పుడు పలకరించడం లేదంటే "గీర" అంటారు. పెళ్లి, ఉమ్మడి ఇల్లు, పిల్లలు, బ్యాంకులో కౌంటరు, దాని మీద ప్రమోషన్, ట్రాన్స్‌ఫర్, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడేసరికి అప్పటిదాకా లాక్కొచ్చిన మనిషి 40 దాటాక ఒక్కసారిగా కూలబడిపోవడం నేను చాలాసార్లు చూశాను. నెలసరి ఆగిపోయే ముందు రోజుల్లో అంతకుముందు తట్టుకున్న శబ్దాలు కూడా తట్టుకోలేకపోతున్నామని చెప్పే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, మీ వయసుకి అది కూడా లెక్కలో పెట్టుకోవాలి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు ఈ మధ్య చేయించకపోతే అవి కూడా చేయించండి, ఖర్చు తక్కువ, అనుమానం తీరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం, అమ్మ జ్ఞాపకాలు. పెద్దవాళ్ల అసెస్‌మెంట్ నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. మీరు మీ గురించి ఎంత చెప్పినా, ఇప్పటి ఇబ్బందులు డిప్రెషన్ వల్లా, ఆందోళన వల్లా, మనసుకి ఎప్పుడో తగిలిన దెబ్బ వల్లా కూడా అలాగే కనిపిస్తాయి. మీకు నాలుగైదేళ్లప్పుడు ఎలా ఉండేవారో చూసిన మనిషి చెప్పే మాటే వీటిని విడదీస్తుంది. అయితే అమ్మని అడిగే పద్ధతి ఒకటుంది. "నేను చిన్నప్పుడు మామూలుగా ఉండేదాన్నా" అని అడిగితే ఏ తల్లయినా "నీకేం తక్కువే, బంగారంలా ఉండేదానివి" అంటుంది, కూతురికి ఏదో లోపం ఉందని ఎవరో అంటున్నారని భయపడుతుంది పాపం. కళ్లలోకి చూసేదాన్నా, వేలితో చూపించేదాన్నా అని ప్రశ్నపత్రంలో ఉన్నట్టు అడిగినా లాభం లేదు, ఆరుగురు పిల్లల్ని పెంచిన ఆవిడకి అవేం గుర్తుంటాయి.

పండగల గురించి అడగండి, పెళ్లిళ్ల గురించి అడగండి, ఊరెళ్లినప్పుడు ఏం గొడవ చేశానో అడగండి. అవి ఏ తల్లీ మర్చిపోదు. బొబ్బిలి వైపు నుంచి ఒకావిడ 48 ఏళ్లకి నా దగ్గరికొచ్చారు, వాళ్లమ్మగారిని కూర్చోబెట్టి ఊళ్లో అమ్మవారి పండక్కి ఈవిడ ఏం చేసేది అని అడిగాను, ఆవిడ వెంటనే "ఓలమ్మ, తప్పెటగుళ్లోళ్లు వీదిలోకొచ్చేరంటే సాలండి, రెండు సెవులూ మూసుకుని మంచం కిందకి దూరిపోయేది, అన్నానికి పిలిసినా వొచ్చేది కాదు" అన్నారు. తర్వాత ఆగకుండా అరగంట చెప్పారు, బడికి రోజూ చెరువుగట్టు మీదనించే వెళ్లాలట, వేరే దారిలో తీసుకెళ్తే రోడ్డు మీద కూర్చుని ఏడుపట, జరీ అంచు పరికిణీ కడితే ఒళ్లంతా గోక్కునేదట, మిగతా పిల్లలు అచ్చెంకాయలు ఆడుతుంటే ఈవిడ ఆ రాళ్లని రంగుల వరసలో పేర్చి ఎవరైనా కదిపితే మళ్లీ మొదటినుంచీ పేర్చేదట. ఆ తల్లికి ఆటిజం అనే మాటే తెలీదు. అందుకే ఆ సాక్ష్యానికి అంత బలం.

అమ్మ లేకపోతే అయిపోయినట్టు కాదు. పిన్ని, పెద్దమ్మ, మీకంటే బాగా పెద్ద అక్క, ఎత్తుకు తిరిగిన మేనత్త, ఎవరైనా పర్వాలేదు. చిన్నప్పటి ఒక స్నేహితురాలు ఇంకా టచ్‌లో ఉంటే ఆవిడ కూడా. కొందరికి ప్రైమరీ స్కూల్ టీచరు ఇంకా ఊళ్లోనే ఉంటారు. మీ అమ్మగారికి వయసు మీద పడి ఉంటుంది కాబట్టి వాయిదా వెయ్యకండి, ఈ ఆదివారమే వెళ్లి కూర్చోండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఆవిడకి చెప్పే చెయ్యండి.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. పార్వతీపురం నుంచి ఒకాయన వచ్చారు, 41 ఏళ్లు, యూట్యూబ్‌లో వీడియోలు చూసి తనకి ఖాయంగా ఆటిజమే అని నమ్మి వచ్చారు. జనంలో కలవలేరు, ఫోన్ మోగితే గుండె దడ, ఒక్కరే ఉండటం ఇష్టం. వాళ్లక్కని పిలిచి మాట్లాడితే తొమ్మిదో క్లాసు దాకా ఊరంతా తిరిగేవాడనీ, నాటకాలు వేసేవాడనీ, నాన్న పోయి అప్పులవాళ్లు ఇంటిమీదకొచ్చిన ఏడాది నుంచే ఇలా అయ్యాడనీ తెలిసింది. అది ఆటిజం కాదు, తీవ్రమైన ఆందోళన, దానికి వేరే చికిత్స ఉంది, తీసుకున్నారు, ఇప్పుడు చాలా మెరుగ్గా ఉన్నారు. ఆయనకి ఆటిజం అని కాగితం ఇచ్చి పంపేసుంటే ఆ చికిత్స ఎప్పటికీ జరిగేది కాదు. అందుకే మీకు కూడా ఆటిజం అనే అనుకుని వెళ్లకండి, తెలుసుకుందామని వెళ్లండి.

ఆన్‌లైన్ టెస్టులో 34 వచ్చిందని రాశారు. అది ఏక్యూ అనుకుంటాను, ఆటిజం లక్షణాలు లెక్కేసే ప్రశ్నపత్రం, 2001లో కేంబ్రిడ్జిలో తయారైంది, 50 ప్రశ్నలు, 32 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే చూపించుకోవాలి అన్నది దాని మొదటి లెక్క. చూపించుకోవాలి అన్నంతవరకే, ఉందని కాదు. ఆందోళన ఎక్కువున్నవాళ్లకి కూడా స్కోరు పెరుగుతుంది. పైగా మ్యూజియం కంటే థియేటరుకి వెళ్లడం ఇష్టమా, పార్టీ కంటే లైబ్రరీ ఇష్టమా లాంటి ప్రశ్నలు ఉంటాయి అందులో, నరసన్నపేటలో పెరిగిన మనిషి దానికి ఏం జవాబు చెప్తుంది, మనకి పార్టీ అంటే పెళ్లి భోజనాలే కదా.

సరైన అసెస్‌మెంట్ అంటే ఒక్క పూటలో అయ్యేది కాదు. మీతో కనీసం రెండు మూడు సార్లు విడివిడిగా మాట్లాడాలి, చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్లతో వేరే కూర్చోవాలి, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం), ఓసీడీ (వద్దన్నా ఆగని ఆలోచనలు, చేసిందే మళ్లీ చెయ్యడం), మనసుకి తగిలిన పాత గాయాలు, డిప్రెషన్ ఇవన్నీ విడిగా చూడాలి. వీటిలో ఒకటి ఉంటే ఇంకోటి ఉండదని కాదు, రెండూ మూడూ కలిసే ఉండొచ్చు, ఆటిజం, ఏడీహెచ్‌డీ కలిపి రాయడానికి కూడా 2013 నుంచే వీలైంది. చేసే సైకాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఇలాంటి నిపుణుల్ని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో నంబరు అడగండి, అడిగితే కోప్పడేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. పెద్దవాళ్లని ఎప్పుడైనా చూశారా అని కూడా అడగండి. మన జిల్లాల్లో ఉన్న భవిత కేంద్రాలు, జిల్లా ఆసుపత్రుల్లోని ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు పిల్లలకే, 18 దాటితే అక్కడ చూడరు, వెళ్లి బాధపడకండి. శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో సైకియాట్రీ విభాగం ఉంది, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఓపిక ఉంటే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్. మీకు చెప్పిన డాక్టరు గారు ఎవరి దగ్గరికి పంపుతారో ముందు ఆయన్నే అడగండి.

తెలిసి ఏం లాభం అన్నారు కదా. ఆటిజానికి మందు లేదు, ఇది ముందే తెలుసుకోండి, ఎందుకంటే నిర్ధారణ అవ్వగానే ఎవరో ఒకరు స్టెమ్ సెల్స్ అనో, ఒంట్లోంచి లోహాలు తీస్తామనో, ఆక్సిజన్ పెట్టెలో కూర్చోబెడతామనో లక్షలు అడుగుతారు. ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఇప్పుడు వాడుతున్న డిప్రెషన్ మందులు మాత్రం "అది కాదట కదా" అని మీ అంతట మీరు ఆపెయ్యకండి, హఠాత్తుగా ఆపితే చాలా ఇబ్బంది పడతారు, డాక్టరుతోనే తగ్గించుకోవాలి. డిప్రెషన్ కూడా నిజంగానే ఉండి ఉండొచ్చు.

కానీ ఒకటి గమనించుకోండి. మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది ఇది: సెలవు పెట్టి నాలుగు రోజులు పుట్టింట్లో ఒక్కరే గదిలో ఉంటే మళ్లీ కుట్లు, అల్లికలు మొదలెడతాను, బ్యాంకుకి వెళ్లిన రెండో రోజుకే మాట కూడా రాదు అన్నారు. మామూలు డిప్రెషన్‌లో ఇష్టమైన పని మీద ఇష్టమే పోతుంది, చోటు మారినంత మాత్రాన నాలుగు రోజుల్లో సాధారణంగా తిరిగి రాదు. మీకు ఇష్టం పోలేదు, శక్తి అయిపోతోంది. ఆటిజం ఉన్నవాళ్లు రోజంతా మామూలుగా కనపడటానికి పడే శ్రమ వల్ల ఇలా అవుతుంది, అప్పుడు మందు డోసు పెంచుకుంటూ పోతే ఏం మారదు, శ్రమ తగ్గించాలి. ఇది ఇక్కడ కూర్చుని నిర్ధారణ చెయ్యడం కాదు, ఈ మాట మీ డాక్టరు గారికి ఇలాగే చెప్పండి, "బాగోలేదు" అని కాదు, ఎక్కడ బాగుంటుందో ఎక్కడ ఉండదో చెప్పండి.

శ్రమ తగ్గించడం అంటే పెద్ద పెద్ద మార్పులేం కాదు. ఇందాక చెప్పిన బొబ్బిలి ఆవిడ తను పనిచేసే బడి నుంచి ఇంటికి రాగానే అరగంట తలుపేసుకుని ఫ్యాను కింద పడుకుంటారు, ఆ అరగంట ఎవరూ పిలవరు, టీ కూడా ఇవ్వరు, అది ఇంటి నియమం. ఆ ఒక్కదానితో రాత్రి గొడవలు సగం తగ్గాయని వాళ్లాయనే చెప్పారు. ఫంక్షన్లకి పట్టుచీర మానేసి మెత్తటి పొందూరు నూలు చీర కట్టుకుంటున్నారు, తలంబ్రాల దాకా ఉండి, బ్యాండు మొదలవ్వకముందే భోజనం చేసి వచ్చేస్తారు, ముందే చెప్పి వస్తారు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోవట్లేదు. విజయనగరంలో సిరిమానోత్సవం రోజు ఊళ్లో ఉండలేనివాళ్లు నాకు తెలుసు, అమ్మవారంటే భక్తి లేక కాదు, ఆ జనం, ఆ చప్పుడు తట్టుకోలేక, వాళ్లు ఆ తర్వాత జనం పలచబడ్డాక ఓ ఉదయం గుడికెళ్లి దణ్ణం పెట్టుకుని వస్తారు. ఇన్నేళ్లూ తమలో ఏదో పాపం ఉందనుకున్న మనుషులు వీళ్లు. కారణం తెలిశాక ఆ భారం దిగడం చూస్తుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

దాంతోపాటు దుఃఖం కూడా వస్తుంది, ముందే చెప్తున్నా. పదేళ్లప్పుడు తెలిసుంటే, పెళ్లికి ముందు తెలిసుంటే అని కొన్ని నెలలు లోపల తిరుగుతూనే ఉంటుంది, కొందరికి అమ్మానాన్నల మీద కోపం వస్తుంది. రానివ్వండి, కానీ ఆ సమయంలో ఒక్కరే ఉండకండి. అన్నీ వదిలేసి వెళ్లిపోవాలని రాశారు. ఆ ఆలోచన చనిపోవడం దాకా వెళ్తుంటే ఈరోజే డాక్టరుకి చెప్పండి, 14416 టెలిమానస్‌కి (ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్) ఫోన్ చెయ్యండి, ఏ టైంలోనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. ఆలస్యంగా తెలిసిన ఆటిస్టిక్ మనుషుల్లో ఈ ప్రమాదం ఎక్కువ, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇంట్లో చెప్పడం. మీవారికి చెప్పండి, వీలైతే ఒక సిట్టింగుకి తీసుకురండి, మీరు ఇంట్లో వాదించి గెలవక్కర్లేదు, ఆయన అడగాల్సినవి నేరుగా మాలాంటివాళ్లనే అడుగుతారు. పేరుతో మొదలుపెట్టకుండా పనితో మొదలుపెట్టండి, "మిక్సీ, టీవీ, మీ ఫోన్ స్పీకరు మూడూ ఒకేసారి మోగితే నాకు తలలో ఏమీ పనిచెయ్యదు, ఒకటొకటిగా పెట్టుకుందాం" అంటే ఏ భర్తయినా వింటారు. అత్తగారికి, ఆడపడుచులకి, ఊళ్లో చుట్టాలకి ఇప్పుడే చెప్పక్కర్లేదు. పాపకి రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమంటారో అని మీ భయం, ఆ భయం నాకు అర్థమవుతుంది, మన సమాజం ఇంకా అక్కడే ఉంది. ఎవరికి చెప్తే మీ రోజు తేలికవుతుందో వాళ్లకే చెప్పండి.

ఆఫీసులో వేరే లెక్క. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది, ప్రభుత్వ సంస్థలు ఉద్యోగికి తగిన సర్దుబాట్లు చెయ్యాలని, వైకల్యం పేరుతో ప్రమోషన్ ఆపకూడదని 20వ సెక్షన్ చెప్తుంది, ప్రభుత్వ రంగ బ్యాంకు కూడా దాని కిందకే వస్తుంది. మీరు నోట్లు లెక్కపెట్టే మెషీన్ చప్పుడు పక్కన కూర్చోలేకపోతున్నానని రాశారు, లోపల క్లియరింగ్ పనో, లోన్ ఫైళ్ల పనో అడగొచ్చు. నా సలహా ఏంటంటే, మేనేజరు మంచి మనిషైతే ముందు మామూలు మాటగా అడిగి చూడండి, "చప్పుడుకి తలనొప్పి, ఫైళ్ల పని ఇస్తే తప్పుల్లేకుండా చేస్తాను" అని. అలా అయిపోతే కాగితం బయటకి తియ్యక్కర్లేదు. అవ్వకపోతేనే చట్టం, సర్టిఫికెట్.

సర్టిఫికెట్ ఎవరి దగ్గర పడితే వాళ్ల దగ్గర ఇచ్చేది కాదు, సదరం (ప్రభుత్వం వైకల్యం తేల్చే ఏర్పాటు) స్లాట్ తీసుకుని మెడికల్ బోర్డు ముందుకి వెళ్లాలి. అక్కడ ఇసా అనే మన దేశపు స్కేల్ వాడతారు, 2009లో వచ్చింది, 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. 70 లోపు వస్తే ఆటిజం లేనట్టే లెక్క, 70 నుంచి 106 తేలికపాటి. ఇందులో చాలా అంశాలు బయటికి కనపడే ప్రవర్తన మీద ఉంటాయి, మీలాగా నలభై ఏళ్లు దాచుకోవడం నేర్చుకున్న మనిషికి 70 రాకపోవచ్చు. అప్పుడు సైకాలజిస్టు ఉందన్నారు, బోర్డు లేదంది అని కుంగిపోకండి, ఒకటి మీరు ఎలా ఉన్నారో అర్థం చేసుకోవడానికి, ఇంకోటి ప్రభుత్వ లబ్ధికి గీత గియ్యడానికి. వైకల్యం 40 శాతం వస్తే పాత పన్ను విధానంలో 75,000 మినహాయింపు ఉంటుంది. దానికోసమే అయితే తొందరేం లేదు, ముందు అసెస్‌మెంట్, తర్వాత ఓ ఆరు నెలలు ఊపిరి తీసుకుని అప్పుడు ఆలోచించండి.

ఇక పాప సంగతి. ఆటిజంలో వంశపారంపర్యం చాలా ఎక్కువ, కాబట్టి ఉండే అవకాశం మామూలు పిల్లల కంటే ఎక్కువే. కానీ మీకు ఉందని తేలినంత మాత్రాన తనకి పరీక్ష చేయించాల్సిన పని లేదు. తను బాగా తింటోందా, నిద్రపోతోందా, ఒక్క స్నేహితురాలైనా ఉందా, కాలేజీకి వెళ్లడానికి ఏడుస్తోందా, ఇవి చూడండి. బాగుంటే వదిలెయ్యండి. హాస్టల్లో పెట్టాక తిండి మానేసింది, మాట తగ్గింది, ఆదివారం ఇంటికొస్తే రోజంతా చీకట్లో పడుకుంటోంది అనిపిస్తే మాత్రం ఇంటర్ అయ్యాక చూద్దాం అనుకోకండి, అప్పుడే తీసుకెళ్లండి, వీలైతే డే స్కాలర్‌గా మార్పించండి. వెళ్లేటప్పుడు మీ అమ్మగారితో రికార్డు చేసిన ఫోన్ కూడా పట్టుకెళ్లండి, పాపని చూసేవాళ్లకి అది కూడా పనికొస్తుంది.